నర్సమ్మ వ్రాతపని

ఆసుపత్రిలో నర్సు చేసే పనులేమిటని ఎవరినైనా అడిగి చూడండి. సూది వేస్తుంది, మందు ఇస్తుంది, టెంపరేచరు చూస్తుంది, సెలైను సీసా మారుస్తుంది, కట్టు కడుతుంది అంటారు. వ్రాస్తుంది అని మాత్రం ఎవరూ అనరు. తీరా గడియారం దగ్గర పెట్టుకుని లెక్క చూస్తే, ఈ పనులన్నిటిలోకీ ఎక్కువ కాలం తినేసేది ఆ వ్రాతపనే.

ఇది నేను ఊహించి చెబుతున్న మాట కాదు. 2008లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. 36 ఆసుపత్రుల్లో 767 మంది నర్సుల పనివేళల్ని కనిపెట్టి చూశారు. ఒక్కొక్కరూ షిఫ్టులో సుమారు 147 నిమిషాలు, అంటే రెండున్నర గంటలకి మూడే నిమిషాలు తక్కువ, వ్రాయటానికే ఖర్చుపెట్టారని తేలింది. వారి నర్సింగు పని మొత్తంలో అది 35 శాతం. మందులివ్వటానికి పట్టింది 72 నిమిషాలు. రోగిని పరీక్షించి నాడి, బి.పి., జ్వరం చూడటానికి 31 నిమిషాలు. ఈ రెండూ కలిపినా 103 నిమిషాలే అయింది చూశారా! రోగికి స్వయంగా చేసే తక్కిన సేవలకి 81 నిమిషాలు. ఇక డాక్టర్లకి ఫోను చెయ్యటం, లేబరేటరీ వాళ్ళని అడగటం, మందుల గదితో తగువుపడటం వగైరాలకి 86 నిమిషాలు. అన్నట్టు ఆ నర్సులు పగటి డ్యూటీలో ఒక మైలు మొదలు అయిదు మైళ్ళ దాకా నడుస్తారట. అదెవరూ జీతంలో వేసి ఇవ్వరు.

"అంత వ్రాయకపోతే ఏం, ఆ సమయమేదో రోగి దగ్గర కూర్చోవచ్చు కదా" అని మీలో కొందరికి అనిపించవచ్చు. మనం పాలవాడి లెక్క కేలెండరు మీద గీతలు పెట్టుకుంటాం. ఒక పూట గీత పెట్టటం మరిస్తే నెలాఖరున అర్థలీటరు దగ్గర పేచీ వస్తుంది, అంతే. ఆసుపత్రిలో అలా కాదు. పొద్దున డ్యూటీ చేసిన పిల్ల రెండింటికి ఇంటికి వెళ్ళిపోతుంది. మధ్యాహ్నం వచ్చిన పిల్లకి, పన్నెండు గంటల ఇంజక్షను వేశారో లేదో ఎలా తెలియాలి? వ్రాసి ఉంటే తెలుస్తుంది. వ్రాయకపోతే రెండోసారి వెయ్యనన్నా వేస్తుంది, అసలు వెయ్యకుండానన్నా ఊరుకుంటుంది. అందుకే నర్సింగు స్కూళ్ళలో మొదటినుంచీ నూరిపోస్తారు, వ్రాయని పని చెయ్యని పనితో సమానమని.

ఈ వ్రాత మీద పట్టుదల నర్సులకి ఎవరో పైవాళ్ళు రుద్దినది కూడా కాదు. నర్సులందరూ తల్లిగా చెప్పుకునే ఫ్లోరెన్సు నైటింగేలు చేత దీపం పట్టుకుని తిరిగిందని మనం చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం. ఆ దీపం ఎంత నిజమో, ఆవిడ చేతిలో లెక్కల పుస్తకం కూడా అంత నిజం. క్రిమియా యుద్ధం నుంచి తిరిగివచ్చాక, ఏ ఆసుపత్రిలో ఎంతమంది ఏ జబ్బుతో చనిపోతున్నారో పోల్చి చూద్దామంటే పనికొచ్చే రికార్డులు ఎక్కడా దొరకటం లేదని ఆవిడ తన పుస్తకంలో వాపోయారు. అన్ని ఆసుపత్రులూ ఒకే పద్ధతి ఫారాలు వాడాలని 1860లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందు ప్రతిపాదన పెట్టించారు. 1858లోనే ఆవిడని ఆ దేశపు గణాంక సంఘంలో సభ్యురాలిగా ఎన్నుకున్నారు. ఆ గౌరవం దక్కిన మొదటి స్త్రీ ఆవిడే. కనుక వ్రాత వద్దనటానికి లేదు. ఎంత వ్రాయాలి, ఎన్నిసార్లు వ్రాయాలి, ఎవరికోసం వ్రాయాలి అన్నదే తగువంతా.

కాగితం రోజులు ఎలా ఉండేవో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మంచం కాళ్ళవైపు రేకు అట్టకి తగిలించిన కేస్ షీటు. డాక్టరుగారు గొలుసుకట్టు వ్రాతలో మందు వ్రాసి వెళతారు. ఆ వ్రాతని నర్సు పోల్చుకుని మందుల చార్టులోకి ఎత్తి వ్రాయాలి, అక్కడినుంచి స్టోరు చీటీలోకి ఎత్తి వ్రాయాలి, మళ్ళీ డ్యూటీ మారేటప్పుడు రిపోర్టు పుస్తకంలోకి ఎక్కించాలి. ఒకే ముక్క నాలుగు చోట్ల. ఎత్తివ్రాతలో ఒక సున్నా ఎగిరిపోయినా, ఒక సున్నా వచ్చి చేరినా ప్రాణం మీదికి వస్తుంది.

అందుచేత కంప్యూటరు వస్తే ఈ చాకిరీ తప్పుతుందని అందరూ ఆశపడ్డారు. ఆ ఆశ నిన్న మొన్నటిది కాదు. కాలిఫోర్నియాలో ఎల్ కామినో అనే ఆసుపత్రిలో 1971లోనే విమానాలు తయారుచేసే లాక్‌హీడ్ కంపెనీతో కలిసి కంప్యూటరు పద్ధతి పెట్టారు. తెర మీద కనబడే జాబితాలో కావలసిన మాటని వెలుగు కలంతో తాకితే చాలు, ఆర్డరు వెళ్ళిపోయేది. టైపు రానివాళ్ళు కూడా పని చేసుకునేలా అమర్చారన్నమాట.

మరి నిజంగా సమయం మిగిలిందా? ఇక్కడ కథ కొంచెం చిత్రంగా ఉంటుంది. 2005లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు అప్పటిదాకా ఈ విషయం మీద వచ్చిన 23 పరిశోధనల్ని జల్లెడ పట్టారు. మంచం పక్కన కంప్యూటరు ఉన్నచోట నర్సుల వ్రాతపని కాలం సుమారు 24 శాతం తగ్గింది. వార్డు మధ్య బల్ల దగ్గర పెట్టినచోట కూడా ఇంచుమించు అంతే తగ్గింది. అదే డాక్టర్లకైతే మంచం పక్క కంప్యూటరుతో 17 శాతం పెరిగింది. నాకు తోచేదేమంటే, ఇదివరకు డాక్టరుగారు రెండు గీతలు గీసి వెళితే తక్కినదంతా నర్సమ్మ ఎత్తి వ్రాసేది. ఇప్పుడు ఆయన చేత్తోనే ఆయన మీటలు నొక్కుకోవలసి వచ్చింది. ఇంటి పని మొగుడూ పెళ్ళాం పంచుకుంటే మొగుడి లెక్కలో పని పెరిగినట్టు కనబడదూ, అలాగే!

అక్కడితో ఆగి ఉంటే బాగానే ఉండేది. 2009లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, కంప్యూటరు రికార్డులు పెట్టిన ఆసుపత్రులకి వేలకోట్ల డాలర్లు ప్రోత్సాహకంగా పంచింది. 2008లో ఆ దేశంలో పదింట ఒక ఆసుపత్రిలో కూడా సరైన కంప్యూటరు రికార్డు లేదు. 2015 వచ్చేసరికి ఇంచుమించు అన్నిచోట్లా వచ్చేసింది. ఐతే 2018లో 28 పరిశోధనల్ని కలిపి చూసిన మరో సమీక్ష ప్రకారం, కంప్యూటరు రాకముందు నర్సుల పనివేళలో 9 శాతం వ్రాతకి పోతే, వచ్చాక 23 శాతం పోతోంది. మొదటి లెక్కలో తగ్గింది, రెండో లెక్కలో పెరిగింది! రెండూ ఒకే ఆసుపత్రుల్ని, ఒకే రకం యంత్రాల్ని చూసినవి కావు కనుక పక్కపక్కన పెట్టి తూచకూడదు, ఒప్పుకుంటాను. కాని పెరగటానికి కారణం నర్సుల్ని ఎవరిని అడిగినా చెబుతారు.

కాగితానికి ఒక హద్దుంటుంది. ఆ పేజీలో పట్టినంతే వ్రాయగలం. తెరకి హద్దు లేదు. పైనుంచి ఎవరికి ఏ సమాచారం కావాలన్నా ఒక గడి చేర్చెయ్యటం చిటికెలో పని. బీమా కంపెనీకి ఒక గడి, నాణ్యత సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళకి ఒక గడి, రేపెవరైనా కోర్టుకెళితే చూపించటానికి ఒక గడి, బిల్లులో వెయ్యటానికి ఒక గడి. నింపకపోతే ముందుకు కదలనివ్వని గడులు కొన్ని. చేర్చేవాడికి ఖర్చు లేదు. నింపే పిల్లకే ఖర్చు. అది డబ్బు రూపేణా కనబడదు గనుక ఎవరి పద్దులోకీ ఎక్కదు.

అదే 2018లో వచ్చిన ఇంకో పరిశోధనలో, సాధారణ వార్డులో నర్సు 12 గంటల షిఫ్టులో చేత్తో ఎక్కించే అంశాలు సగటున 633 నుంచి 689 అని లెక్కగట్టారు. యంత్రాలు తమంతట తాము పంపించేవి ఇందులో చేరలేదు. అంటే నిమిషానికి ఇంచుమించు ఒకటి. దీన్ని మనింటి భాషలో చెప్పుకుందాం. మీరు పొయ్యి ముందు నిలబడి వంకాయ కూర చేస్తున్నారనుకోండి. నిమిషానికోసారి గరిటె కిందపెట్టి, చెయ్యి తుడుచుకుని, పక్కనున్న పుస్తకంలో 'నూనె కాగినది - అవును', 'ఆవాలు చిటపటలాడినవి - అవును', 'కరివేపాకు వేయబడినది - అవును', 'వంకాయలో పురుగు - లేదు' అని వ్రాసుకుంటూ పోవాలి. మధ్యలో పుస్తకానికి దానంతటదే తాళం పడిపోతుంది. మళ్ళీ మీ పేరు, రహస్య సంకేతం చెప్పి తెరవాలి. ఇంతలో కూర మాడితే ఎవరిది తప్పు? పుస్తకంలో మాత్రం అన్నీ 'అవున'నే ఉంటుంది.

రోగి వైపునుంచి ఇది ఎలా కనబడుతుందో కూడా చెప్పాలి. మా అత్తగారికి తుంటి ఎముక విరిగి ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నాం. పేరెందుకు గాని, శుభ్రంగానే ఉంటుంది, పిల్లలు మర్యాదగానే ఉంటారు. చక్రాల బల్ల మీద కంప్యూటరు తోసుకుంటూ ఒక పిల్ల వచ్చేది. "మామ్మగారూ, నొప్పి ఎంతుంది, పదిలో ఎన్ని మార్కులు?" అని తెరకేసి చూస్తూ అడిగేది. మా అత్తగారు ఈ మార్కుల గొడవ అర్థంకాక నాకేసి చూసేవారు. "రాత్రి నిద్ర పట్టిందా, మోషను అయిందా, అన్నం సగం తిన్నారా పూర్తిగా తిన్నారా?" అన్నీ తెరకేసి చూస్తూనే. మూడోరోజున ఆవిడ నాతో, "అమ్మాయ్, ఆ పిల్ల ఆ పెట్టెతో మాట్లాడుతోందా నాతో మాట్లాడుతోందా?" అన్నారు. ఆ పిల్ల విని నవ్వింది. నవ్వుతూ కూడా ఇంకో రెండు మీటలు నొక్కింది పాపం. ఆవిడ తర్వాత ఇంకా పదకొండుమంది ఉన్నారు ఆ వరసలో.

ఆ చక్రాల బల్ల గురించి ఒక కథ ఉంది. అమెరికా ఆసుపత్రుల్లో దానికి మూడక్షరాల పొట్టి పేరొకటి పెట్టుకున్నారు. కలిపి చదివితే ఇంగ్లీషులో 'ఆవు' అని వస్తుంది. ఒక నర్సు ఇంకో నర్సుతో "ఆ ఆవుని ఇటు తోలుకురా" అంటే, మంచం మీద ఉన్న లావుపాటి ఆవిడ తననే అంటున్నారనుకుని పెద్ద రభస చేసిందట. దాంతో కొన్నిచోట్ల ఆ పేరు మానేశారని చెప్పుకుంటారు. నిజమో కట్టుకథో గాని, అది వినగానే మా అత్తగారు ఆ పన్నెండు రోజుల్లో మొదటిసారి గట్టిగా నవ్వారు.

మా అన్నయ్య కూతురు కూడా నర్సే. వేరే ఊళ్ళో, వేరే ఆసుపత్రిలో చేస్తోంది. దానికి ఈ సంగతి చెబితే, "అత్తా, మేమేం మొహం చూడటం చేతకాక చూడటం లేదనుకున్నావా? పదిమందిని చూసి వచ్చి ఆఖర్న కూర్చుని కొడదామంటే డ్యూటీ అయిపోయాక గంట సేపు అక్కడే ఉండాలి. బస్సు పోతుంది. అప్పటికప్పుడు కొడితే మామ్మగారికి కోపం" అంది. ఇలాంటివాళ్ళు కొందరు మధ్యేమార్గం ఒకటి కనిపెట్టారు. జేబులో మడతపెట్టిన కాగితం. అందులో మంచం నెంబరు, బి.పి., జ్వరం గబగబా గీకి, తీరిక దొరికినప్పుడు కంప్యూటరులోకి ఎక్కిస్తారు. కాగితం దొరక్కపోతే అరచెయ్యే కాగితం. ఇది మన దేశంలోనే కాదు, అమెరికాలోనూ ఇంతే. ఆ మడత కాగితాన్ని వాళ్ళు 'మెదడు' అని పిలుచుకుంటారు. లక్షలు పోసి కొన్న యంత్రాన్ని మెదడని ఎవరూ అనటం లేదు!

ఐతే ఆ మడత కాగితంలో ప్రమాదం ఉంది. మా మేనకోడలు చెప్పిన సంగతే చెబుతాను. రాత్రి డ్యూటీ, 24 మంచాలకి ఇద్దరు. రెండు గంటలప్పుడు ఒక పెద్దాయన బి.పి. చూస్తే పైది 90కి దిగి ఉంది. ఒళ్ళు చల్లబడుతోంది. కాగితం మీద గీకింది. కంప్యూటరు దగ్గరికి వెళితే అది తిరుగుతూ కూర్చుంది, తెరుచుకోదు. ఈలోగా ఇంకో మంచం వాళ్ళు కేకేశారు. వెళ్ళి వచ్చి డ్యూటీ డాక్టరుకి ఫోను చేసింది. ఆయన తన గదిలో తెర చూసుకుని, "120 ఉంది కదా సిస్టర్, బాగానే ఉన్నాడు" అన్నాడు. ఆ 120 రాత్రి పదింటిది! "అది పాత లెక్క సార్, తెర బాగుంది గాని మనిషి బాగాలేడు, మీరు రండి" అంది. ఆయన మంచివాడు, పరుగెత్తుకుని వచ్చాడు. పెద్దాయన బతికి బట్టకట్టాడు. ఆయన విసుక్కుని ఫోను పెట్టేసి ఉంటే? లేదా ఫోను చెయ్యటానికి ఈ పిల్లకి జంకు కలిగి ఉంటే? కంప్యూటరులో ఉన్నదాన్ని నిజమని నమ్మటం మనుషులకి సులువుగా అలవాటైపోతుంది. వార్డులో జరిగిందానికీ తెర మీదికి ఎక్కిందానికీ మధ్య ఉన్న ఆ నలభై నిమిషాలే నాకు భయం కలిగిస్తాయి.

ఇంతా చెప్పి, కాగితమే మేలు అంటానేమో అనుకుంటారు. అనను. బోస్టనులోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. రోగి చేతిపట్టీ మీద, మందు పొట్లం మీద, సబ్బు పెట్టెల మీద ఉన్నట్టు నల్ల గీతలుంటాయి. మందిచ్చే ముందు రెండిటినీ యంత్రానికి చూపిస్తే, ఈ మందు ఈ మనిషికేనా అని అది సరిచూస్తుంది. వేళ తప్పటం కాకుండా తక్కిన పొరపాట్లు, గమనించిన ప్రతి 100 సార్లలో 11.5 ఉండేవి 6.8కి దిగాయి. చార్టు నుంచి చార్టుకి ఎత్తి వ్రాయటంలో దొర్లేవి 100కి 6 చొప్పున ఉండేవి అసలు లేకుండానే పోయాయి. మనవాళ్ళకి ఎవరికైనా పెన్సిలిన్ పడదనుకోండి, ఆ మాట ఒకసారి ఎక్కిస్తే ఏ వార్డుకి మార్చినా కూడా వస్తుంది. ఐదోసారి ఐదో మనిషికి చెప్పటానికి మనం మెలకువగా ఉండాల్సిన పని లేదు. ఈ మేలు వదులుకోమని ఏ నర్సూ అడగదు.

కనుక తీసెయ్యవలసినదేదో, ఉంచవలసినదేదో ఏరుకోవాలి. బియ్యంలో రాళ్ళేరినట్టు. అది చేసి చూపించినవాళ్ళున్నారు. హవాయి దీవుల్లో హవాయి పసిఫిక్ హెల్త్ అనే సంస్థకి నాలుగు ఆసుపత్రులున్నాయి. అక్కడి డాక్టర్ మెలిండా ఆష్టన్ అనే ఆవిడ ఆధ్వర్యాన 2017 అక్టోబరులో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. దాని పేరు ఇంగ్లీషులో కాస్త మొరటుగానే ఉంటుంది. తెలుగులో 'ఈ పిచ్చిపనులు వదిలించుకుందాం' అనుకోవచ్చు. కంప్యూటరులో మీకు అర్థంలేదనిపించిన గడి ఏదైనా సరే చెప్పండి, ఎవరికీ కోపం రాదు అని నర్సులకీ డాక్టర్లకీ చాటారు. ఒక నర్సు వ్రాసింది: తను చూసేది పెద్ద పిల్లల్ని, పెద్దవాళ్ళని, ఐనా ప్రతిసారీ 'బొడ్డుతాడు' అన్న గడి దగ్గర ఆగి మీట నొక్కవలసి వస్తోందని! పసికందుల కోసం పెట్టిన గడి అందరికీ అంటుకుంది. ఇంకోటి, గంటగంటకీ రోగిని చూసి వచ్చాను అని నొక్కవలసిన మీట. చూసి రావటం మంచిదే, నొక్కటం వల్ల ఒరిగిందేమీ లేదు. ఆ మీట తీసేస్తే నాలుగు ఆసుపత్రుల్లో కలిపి నెలకి సుమారు 1,700 గంటల నర్సుల కాలం మిగిలింది. 12 గంటల షిఫ్టుల్లోకి మార్చి చూడండి, నెలకి 140 షిఫ్టులకి పైమాటే. కొత్తగా ఒక్కరిని ఉద్యోగంలోకి తీసుకోకుండా!

2022లో అమెరికా సర్జన్ జనరల్, వైద్యసిబ్బంది అలిసి సొలిసిపోతున్నారని దేశానికి ఒక హెచ్చరిక విడుదల చేస్తూ, 2025 నాటికి ఈ వ్రాతభారాన్ని ముప్పాతిక వంతు తగ్గించాలన్నారు. ఆ ఏడాది రానే వచ్చింది. ఈ మధ్య మరికొన్నిచోట్ల నర్సు మంచం దగ్గర మాట్లాడుతుంటే విని దానంతటదే వ్రాసుకునే కంప్యూటర్లు ప్రయత్నిస్తున్నారు. మన వార్డుల్లో ఒక రోగికి ముగ్గురు చుట్టాలు, ఒక సెల్‌ఫోను పాట, కిటికీ అవతల కొబ్బరిబోండాల బేరం, వీటన్నిటి మధ్యా అది ఏం వింటుందో, ఏం వ్రాస్తుందో చూడాలి.

ఇక మన పల్లెల్లో ఏయన్నెమ్మల సంగతి. వీళ్ళని నర్సుల లెక్కలో మరిచిపోతుంటాం గాని, గర్భిణులకీ పసిపిల్లలకీ మొదటి నర్సమ్మ వీళ్ళే. 2016లో వీళ్ళ కోసం 'అన్మోల్' అని టాబ్‌లో పనిచేసే పద్ధతి మన ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. యూనిసెఫ్ సాయం చేసింది. సిగ్నలు లేని ఊళ్ళో కూడా వివరాలు ఎక్కించుకుని, సిగ్నలు వచ్చిన చోట పంపించవచ్చు. ఆలోచన చక్కనిది. గర్భిణి ఎన్నో నెల, రక్తం ఎంత, బిడ్డకి ఏ టీకా ఎప్పుడు అన్నీ వేలికొసల మీద ఉంటాయి. ఐతే టాబ్ వచ్చిందని రిజిస్టరు పోలేదు. అర్హ దంపతుల రిజిస్టరు, గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు చేత్తో వ్రాయటం, అవే వివరాలు మళ్ళీ రాత్రి ఇంటికి వెళ్ళి టాబ్‌లో కొట్టటం. ఆ తర్వాత ఒక్కో పథకానికీ ఒక్కో యాప్. ఏ ఊరి ఏయన్నెమ్మని కదిపినా చెప్పే గోడు ఇదే. కాగితం చాకిరీ పోతుందని తెచ్చినది కాగితం పక్కన ఇంకో చాకిరీ అయి కూర్చుంది. గ్యాసు పొయ్యి కొన్నాక కూడా కట్టెల పొయ్యి రోజూ రాజేయాలని అత్తగారు పట్టుబడితే కోడలి గతి ఏమిటో, ఇదీ అంతే. రెండిట్లో ఒకటి ఆర్పండి అని అడిగే హక్కు వాళ్ళకి ఉండాలి. ఆ భారం తగ్గకపోతే నష్టం ఏయన్నెమ్మకే కాదు. ఆవిడ టాబ్‌లో తల దూర్చిన ఆ గంటలో కాళ్ళు పొంగిన గర్భిణి ఇంటికి వెళ్ళలేకపోవటం వల్ల వచ్చే నష్టం.

2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రారంభమైంది. మనిషికొక 14 అంకెల ఆరోగ్య సంఖ్య. ఇక్కడి రికార్డు అక్కడ కనబడేలా చెయ్యటం దాని ఉద్దేశం. అంటే ముందు ముందు మన ఆసుపత్రుల్లో తెరలు పెరుగుతాయే గాని తగ్గవు. హవాయి వాళ్ళు చేసిన పని ఇక్కడ ఇప్పుడే, గడులు గట్టిపడక ముందే చేసుకోవటం సుఖం.

మనవైపునుంచి చెయ్యగలిగినది కొంత ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు వేసుకునే మందుల పేర్లు, ఎంత మోతాదు, ఏ మందు పడదు, ఇదివరకు జరిగిన ఆపరేషన్లు, అన్నీ ఒక కాగితం మీద గుండ్రని అక్షరాలతో వ్రాసి పర్సులో పెట్టుకోండి. ఆసుపత్రిలో చేరిన రోజున నర్సు అడిగే ప్రశ్నలకి "ఆ ఎర్ర బిళ్ళ అండీ, పొద్దున వేసుకుంటారు" అని చెబితే, ఆ పిల్ల ఆ ఎర్ర బిళ్ళేమిటో వెతకటానికే పావుగంట పోతుంది. మందులిచ్చే వేళ పలకరించకండి. కాస్త తీరికగా ఉన్నప్పుడు, "అమ్మా, మా వాళ్ళ లెక్క అందులో ఏమని ఉంది, ఒకసారి చూపించు" అని అడగండి. నేను మా అత్తగారికి అలా అడిగితే, ఆవిడకి పడని మందు పేరు ఒక అక్షరం తేడాగా ఎక్కి ఉందని ఇద్దరం కలిసి కనిపెట్టాం. ఆ పిల్ల వెంటనే దిద్దింది.

కిందటేడు మా మేనకోడలి వార్డులో కూడా ఒక మంచి పని జరిగింది. సీనియరు సిస్టరు పట్టుబట్టి కంప్యూటరు కంపెనీ కుర్రాణ్ణి పిలిపించి, ఒక రాత్రి డ్యూటీ అంతా తమ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది. తెల్లారేసరికి అతగాడికే బోధపడింది. మంచం దిగని పెద్దవాళ్ళ పొడుగు షిఫ్టుకోసారి కొలిచి ఎక్కించమనే గడి తీసేశాడు. కాగితం మీద సంతకం పెట్టించుకున్న సామాన్ల జాబితాని మళ్ళీ కొట్టమనే గడి తీసేశాడు. మతమేమిటని మూడు చోట్ల అడిగేది ఒక్కచోటికి కుదించాడు. అదే ఊపులో, "ఇదిగో సిస్టర్, రోగిని పక్కకి తిప్పిన వేళ అని రెండు గంటలకోసారి నింపుతున్నారు, దీన్ని డాక్టర్లెవరూ తెరిచి కూడా చూడటం లేదు, ఇదీ తీసేస్తాను" అన్నాడట. సీనియరు సిస్టరు అతని చెయ్యి పట్టుకుని ఆపి, "అది ఉండనియ్యి నాయనా. డాక్టర్లు చూడరు, నేను చూస్తాను. తెల్లవారుజామున నాలుగింటికి, పడకపుండ్లు పడకుండా ఎవరిని తిప్పాలో నాకు చెప్పేది అదొక్కటే" అందట.